ఐవర్ ప్రీస్ ఇంజను

మా పాత మోటారు సైకిళ్ళ క్లబ్బులో పెల్హామ్ బండ్ల పుట్టుపూర్వోత్తరాలు చూసే పని నాది. పెల్హామ్ అనేది వుల్వర్‌హాంప్టన్‌లో ఒక చిన్న ఫ్యాక్టరీ. యాభైల్లో మూతపడింది. అక్కడినుంచి బయటికి వెళ్ళిన ప్రతి బండికీ రిజిస్టరులో ఒక వరస ఉంటుంది: ఫ్రేము నంబరు, ఇంజను నంబరు, ఏ తేదీన ఏ ఊరి దుకాణానికి పంపారో. ఆ రిజిస్టర్లు తొమ్మిదీ ఇప్పుడు లడ్లో ఊళ్ళో మా ఇంటి మేడగదిలో ఉన్నాయి. ఎవరికైనా కోళ్ళ షెడ్డులోనో, చనిపోయిన మేనమామ కొట్టంలోనో పెల్హామ్ దొరికితే నాకు నంబర్లు రాస్తారు. నేను చూసి, ఇది ఫలానా ఏడాదిదని క్లబ్బు కాగితం మీద రాసి, గ్వెన్ పార్డో అని సంతకం పెడతాను. ఉద్యోగం చేసినన్నాళ్ళూ జిల్లా రికార్డుల ఆఫీసులో ఇలాంటి పనే చేశాను కాబట్టి దీన్నీ నాకే కట్టబెట్టారు. నా బండి మాత్రం పెల్హామ్ కాదు, బీఎస్ఏ రెండొందల యాభై సీసీ. బరువు తక్కువ, కిక్కు కొట్టడం తేలిక. అరవై రెండేళ్ళ మోకాలికి అది చాలు.

ఆల్విన్ ప్రీస్ నాకంటే ఐదేళ్ళు పెద్ద. క్లన్ ఊరవతల, వాగు పక్కన ఒంటరిగా ఉంటాడు. గొర్రెల పొలాల చుట్టూ బతికున్న కొమ్మలను వంచి కంచెలు అల్లడం అతని వృత్తి. అరచేతులు చెట్టు బెరడులా ఉంటాయి. మాట తక్కువ. అతన్ని మాట్లాడించాలంటే పెల్హామ్ మాట ఎత్తాలి. అది వాళ్ళ నాన్న ఐవర్ ప్రీస్ 1936లో కొత్తగా కొన్న ఐదొందల సీసీ బండి. 1938లో హాజెల్ బ్యాంక్ కొండ ఎక్కే పోటీలో ఐవర్ దాని మీద గెలిచాడు. ప్రతి నెలా మొదటి ఆదివారం మేమంతా క్రేవెన్ ఆర్మ్స్ దగ్గర పబ్బు ముందు బండ్లు నిలుపుకుని టీ తాగుతాం కదా, అప్పుడు ఎవరైనా కొత్తవాడు ఆ నల్లటి ట్యాంకు మీద చెయ్యి వేస్తే చాలు, ఆల్విన్ మొదలుపెడతాడు. రెండో మలుపు, తడి రాళ్ళు, గోడకి అంగుళం దూరంలో నాన్న మోకాలు.

"ఒరేయ్ ఆల్విన్," అనేవాడు నార్టన్ డెస్మండ్. అతనికి నార్టన్ బండి ఉంది, నోరూ ఉంది. "పోయినేడు అంగుళం అన్నావు. ఈ ఏడు అర అంగుళానికి దిగింది. వచ్చే ఏటికి మీ నాన్న గోడలోంచే దూసుకుపోయేలా ఉన్నాడే!"

"నువ్వు చూశావా?" అనేవాడు ఆల్విన్.

"నువ్వు మాత్రం చూశావా? అప్పటికి పుట్టనేలేదుగా!"

అందరూ నవ్వేవాళ్ళు. ఆల్విన్ కూడా నవ్వేవాడు, టీ కప్పులోకి చూస్తూ.

2013 వేసవిలో హాజెల్ బ్యాంక్ వాళ్ళు తమ పోటీకి డెబ్భై అయిదేళ్ళు నిండిన సందర్భంగా పాత విజేతల బండ్లు ప్రదర్శనకు పెట్టాలనుకున్నారు. కాగితం ఉంటేనే బండిని తీసుకుంటామన్నారు. ఆల్విన్ ఎన్నడూ కాగితం అడిగినవాడు కాదు. తన బండి ఏమిటో తనకు తెలియకపోవడమేమిటని అతని ఉద్దేశం. ఆ ఏడాది మాత్రం ఒక చీటీ మీద రెండు నంబర్లు పెన్సిలుతో రాసి నా చేతికిచ్చాడు.

"తొందరేం లేదు గ్వెన్. ఉన్నదేదో రాసెయ్."

ఫ్రేము నంబరు వెంటనే దొరికింది. మే 1936, ష్రూస్‌బరీలో ఒక దుకాణానికి పంపిన బండి. అంతా సరిగ్గానే ఉంది. కానీ అదే వరసలో రాసి ఉన్న ఇంజను నంబరు వేరు. ఆల్విన్ ఇచ్చిన ఇంజను నంబరు ఎంత వెతికినా ఆ రిజిస్టరులో కనబడలేదు. చివరికి విడి భాగాల రిజిస్టరులో దొరికింది. మార్చి 1947లో, ఏ బండికీ బిగించకుండా, ఒక్క ఇంజనునే పెట్టెలో పెట్టి అదే ష్రూస్‌బరీ దుకాణానికి పంపారు.

అంటే 1938లో కొండెక్కిన ఇంజను ఇది కాదు.

అంతటితో ఆగినా బాగుండేది. ఆ అసలు ఇంజను నంబరు నాకెక్కడో తగిలినట్టనిపించింది. నా ఉత్తరాల ఫైళ్ళు తిరగేశాను. ఎనిమిదేళ్ళ కింద లాంకషైర్‌లోని క్లిథెరో నుంచి డోర్కస్ హావర్త్ అనే ఆవిడ తన పెల్హామ్ గురించి రాసింది. ఫ్రేము 1937ది, ఇంజను దానిది కాదు, 1936లో ష్రూస్‌బరీకి వెళ్ళిన మరో బండిది అని నేనే జవాబిచ్చాను. ఆ మరో బండి ఆల్విన్‌దేనని అప్పుడు నాకెలా తెలుస్తుంది?

రెండు వారాలు ఎవరికీ చెప్పలేదు. కాగితం మీద బండి సంవత్సరం మాత్రం రాసి ఊరుకోవచ్చు. ఇంజను సంగతి అడిగేవాడు లేడు. కానీ అబద్ధం రాయకపోయినా, నిజం దాచిన కాగితం మీద సంతకం పెట్టడం నాకు చేతకాదు. ఒక శనివారం పొద్దున్నే క్లన్‌కి వెళ్ళాను.

ఆల్విన్ షెడ్డులో ఉన్నాడు. బండిని స్టాండు మీద నిలిపి, వెనక చక్రం గొలుసుకి నూనె పెడుతున్నాడు. రిజిస్టర్లలో ఉన్నదున్నట్టు, డొంకతిరుగుడు లేకుండా చెప్పేశాను; అసలు ఇంజను ఇప్పుడెక్కడుందో మాత్రం చెప్పలేదు. అతను చాలాసేపు నూనె డబ్బా దించలేదు. గొలుసు మీంచి నూనె నేలమీద బొట్లు బొట్లుగా పడుతోంది.

"రాసినవాడు తప్పు రాసి ఉంటాడు," అన్నాడు.

"ఒక్కచోట అయితే అనుకోవచ్చు. రెండు రిజిస్టర్లూ ఒకటే మాట చెబుతున్నాయి."

"నలభై నాలుగేళ్ళు ఈ చేతుల్తో విప్పి బిగించాను. నాకు తెలీదా? నా బండి కంటే నీ కాగితం ఎక్కువైపోయిందా?"

"బండి నీదే ఆల్విన్. మీ నాన్నదే. ఇంజను ఒక్కటే..."

"ఇంజను కాక ఇంకేముంది అందులో? పాలవాడి సైకిలా అది?"

ఆ తర్వాత ఏమన్నా వినలేదు. గొలుసు మూత బిగించుకుంటూ నా వైపు వీపు పెట్టాడు. నేను వచ్చేశాను. జూలై ఆదివారం అతను పబ్బుకి రాలేదు. ప్రదర్శనకి బండిని ఇవ్వలేదు. ఆగస్టులోనూ రాలేదు. డెస్మండ్ నన్ను పక్కకు పిలిచి, "ఏమైంది వాడికి? నేనన్న మాటకి గానీ నొచ్చుకున్నాడా?" అని అడిగాడు. అంత నోరున్న మనిషి ముఖం చిన్నబోయి ఉంది. నీవల్ల కాదన్నాను. ఎవరివల్లో చెప్పలేదు.

ఆగస్టు చివర్లో ఒక సాయంత్రం మా ఇంటి ముందు డుగ్గు డుగ్గుమంటూ పెల్హామ్ ఆగింది. ఆల్విన్ లోపలికి రాకుండా గుమ్మంలోనే నిలబడ్డాడు.

"ఆ ఇంజను ఎక్కడుందో నీకు తెలుసు కదూ? చెప్పేటప్పుడు నీ ముఖం చూశాను."

"తెలుసు."

"నాకు కావాలి గ్వెన్. బదులుగా నా దగ్గరున్నది ఇస్తాను, కొత్తదానిలా చేసి మరీ ఇస్తాను. నాన్నది నాన్న బండిలో ఉండాలి."

ఆవిడ అనుమతి లేకుండా పేరు చెప్పలేనన్నాను. ఉత్తరం రాశాను. మూడో రోజునే ఫోను మోగింది.

"హావర్త్‌ని," అంది గట్టి గొంతు. "మీ మనిషికి నా ఇంజను కావాలిట. ఇవ్వనని చెప్పండి. కానీ అంత మనసు పడ్డవాణ్ణి ఊరికే పొమ్మనడం మర్యాద కాదు. వచ్చి చూసుకుని వెళ్ళమనండి. బండి మీదే రావాలి సుమా. వ్యానులో వేసుకొస్తే తలుపు తియ్యను."

సెప్టెంబరు రెండో వారంలో బయల్దేరాం. నూట పది మైళ్ళు. పెద్ద రోడ్లు వదిలేసి విట్‌చర్చ్ మీదుగా చిన్న దారుల్లో, గంటకు నలభై మైళ్ళు దాటకుండా. ముందు నేను, వెనక ఆల్విన్. నా బీఎస్ఏ వేగానికి అతని పెల్హామ్ విసుక్కుంటూ, గొంతు సవరించుకుంటూ నడిచింది. రెండుచోట్ల టీకి ఆగాం. రెండుచోట్లా అతను వాతావరణం గురించి తప్ప మాట్లాడలేదు.

డోర్కస్ హావర్త్‌కి డెబ్భై. పొట్టిగా, దిట్టంగా ఉంది. ముప్పై ఏళ్ళు బస్సు నడిపింది. ఇప్పటికీ ఎదుటి మనిషిని బస్సెక్కుతున్న ప్రయాణికుణ్ణి చూసినట్టే చూస్తుంది. మమ్మల్ని చూసిన వెంటనే మా బండ్ల కింద అట్టముక్కలు పెట్టింది, రాళ్ళు పరిచిన ముంగిట్లో నూనె చుక్కలు పడకుండా.

"ముందు రొట్టె తినండి," అంది. "చీజు, ఉల్లిపాయ పెట్టి చేశాను. తిన్నాక అడుగు. అప్పుడు కాదంటాను."

తిన్నాక ఆల్విన్ అడిగాడు. మాటలు ఇంటి దగ్గర కూడబెట్టుకుని వచ్చాడు కాబోలు, ఒక్క గుక్కలో చెప్పాడు. హాజెల్ బ్యాంక్, నాన్న, రెండో మలుపు, అన్నీ. ఆవిడ విన్నది. అడ్డు రాలేదు.

"మా చిన్నాన్న రైల్వేలో పనిచేసేవాడు," అంది. "ష్రూస్‌బరీలో ఒక దుకాణం వెనక పడి ఉంటే కొన్నాడు. గోనెసంచిలో చుట్టి, రైలు గార్డు పెట్టెలో వేసుకొచ్చాడు. 1948లో. ఈ ఫ్రేము మా ఎదురింటివాళ్ళది. వాళ్ళు దాని ఇంజను పీకి కట్టెలు కోసే రంపానికి తగిలించారు. చిన్నాన్న రెండూ కలిపి బండి చేశాడు. నాకు పంతొమ్మిదేళ్ళప్పుడు నేర్పించాడు. మా ఆయన నన్ను మొదటిసారి చూసింది దీని మీదే. ఆయన పోయినరోజు సాయంత్రం నేను ఎక్కడికి పోవాలో తెలియక పోయింది కూడా దీని మీదే. మీ నాన్న రెండు నిమిషాలు కొండెక్కాడు. నేను యాభై ఏళ్ళు ఎక్కాను. ఇది ఎవరిదంటావు?"

ఆల్విన్ నా వైపు చూశాడు. రిజిస్టర్లలో ఆ ప్రశ్నకు గడి ఉండదు.

ఆ రాత్రికి ఊళ్ళోనే గదులు తీసుకున్నాం. పొద్దున్నే సెలవు తీసుకుందామని వెళ్తే, డోర్కస్ బండిని బయటికి తీసి సిద్ధంగా ఉంచింది. ఆవిడ కళ్ళు చూస్తే సరిగ్గా నిద్రపోయినట్టు లేదు.

"ఇవ్వనన్నాను కానీ, తొక్కనివ్వనన్నానా?" అంది. "పెండిల్ కొండ మీదుగా పోయి రా. మూడో గేరు కాస్త మొండిది, తిట్టకు. కిందికి దిగేటప్పుడు బ్రేకుని నమ్ముకోకు."

ఆల్విన్ ఆ బండి చుట్టూ ఒకసారి తిరిగాడు. ఇంజను పక్కన వంగి, నంబరు మీద బొటనవేలితో నిమిరాడు. తర్వాత కిక్కు కొట్టాడు. రెండో దెబ్బకే అందుకుంది. అతను కొండ దారి పట్టాడు. మేమిద్దరం గోడ దగ్గర నిలబడి చప్పుడు వింటూ ఉన్నాం. మలుపు దాటినప్పుడు తగ్గుతూ, ఎత్తు ఎక్కేటప్పుడు పెరుగుతూ, చివరికి గాలిలో కలిసిపోయింది.

డోర్కస్ చేతులు రెండూ ఏప్రనులో చుట్టుకుంది. "తిరిగొచ్చి ఏడిస్తే ఇచ్చేస్తానేమోనని భయంగా ఉంది," అంది నెమ్మదిగా. "నా మణికట్లు అరిగిపోయాయి. క్లచ్చు నొక్కితే నొప్పికి కళ్ళు తిరుగుతాయి. ఎన్నాళ్ళో తొక్కలేను. అది నాకూ తెలుసు. మీ మనిషికి మాత్రం చెప్పకండి."

ముప్పావుగంటకి తిరిగొచ్చాడు ఆల్విన్. ఇంజను ఆపి, కళ్ళద్దాలు నుదుటి మీదికి తోసి, అలాగే కూర్చుండిపోయాడు.

"ఏం? ఏమన్నా తేడా చేసిందా?" అంది డోర్కస్.

"లేదమ్మా. నా దానికంటే బాగా లాగుతోంది."

"మరి?"

"ఇదెవరో నాకు తెలీదు."

మాకు అర్థం కాలేదు. అతను దిగి, ముంగిట్లో అట్టముక్క మీద నిలబడి ఉన్న తన బండి వైపు చూశాడు.

"నాన్న సాయంత్రం క్వారీ నుంచి వచ్చేవాడు. వాగు మీద వంతెన దాటగానే గేరు దించేవాడు. అప్పుడొక దగ్గులాంటిది వచ్చేది. నేను మంచం మీంచి లేచి కిటికీ దగ్గరికి పరిగెత్తేవాణ్ణి. ఇందాక కొండమీద, కిందా కూడా పదిసార్లు గేరు దించి చూశాను. ఆ దగ్గు ఇందులో లేదు. అది నా బండిలోనే ఉంది. ఇన్నేళ్ళూ ఉంది." డోర్కస్ ఇంజను వైపు తిరిగాడు. "ఇది ఇల్లు వదిలిపోయేసరికి నాకు ఏడాది నిండలేదు. నేను విన్నది దీన్ని కాదు."

"అంటే ఇక వద్దంటావా?"

"వద్దు."

డోర్కస్ నడుం మీద చేతులు పెట్టుకుంది. "ఓహో! నూట పది మైళ్ళు వచ్చి, నా రొట్టె తిని, నా బండి తొక్కి, ఇప్పుడు వద్దా? ఏం, నా ఇంజనుకి ఏం తక్కువైందట?"

ఆల్విన్ నవ్వాడు. జూన్ తర్వాత అతని నవ్వు చూడటం నాకు అదే మొదలు. డోర్కస్ కూడా నవ్వబోయి, చటుక్కున టీ పెడతానని లోపలికి వెళ్ళిపోయింది. కెటిలు కూత ఆగిన చాలాసేపటికి గానీ బయటికి రాలేదు.

తిరుగుదారిలో విట్‌చర్చ్‌లో వాన పట్టుకుంది. చేపలు, చిప్స్ అమ్మే కొట్టు చూరు కింద నిలబడి కాగితం పొట్లాల్లోంచి తింటున్నాం. బండ్లు రెండూ తడుస్తున్నాయి. వేడి ఇంజన్ల మీద పడ్డ చినుకులు ఆవిరై లేస్తున్నాయి.

"నీకో మాట చెప్పనా గ్వెన్?" అన్నాడు ఆల్విన్. "నాన్న ఆ పోటీ గురించి నాతో ఒక్క ముక్క మాట్లాడలేదు. గెలిచిన కప్పులో మేకులు పోసుకునేవాడు. ఆయన్ని పాతిపెట్టిన రోజున ఎవరో ముసలాయన నా భుజం పట్టుకుని చెప్పాడు, రెండో మలుపు సంగతి. అప్పుడు నాకు ఇరవై మూడు. మా నాన్న ఇంత గొప్పవాడా అనిపించింది. అది మొదలు నేను చెప్పిందంతా ఆ ముసలాయన మాటే."

"నువ్వు చూసింది ఎప్పుడూ చెప్పలేదేం?"

"చెప్పడానికేముంది? పనికి పోయేవాడు, వచ్చేవాడు. శనివారాలు నన్ను ట్యాంకు మీద కూర్చోబెట్టుకుని వంతెన దాకా తీసుకెళ్ళేవాడు. వెచ్చగా ఉండేది. తొడలు కాలేవి కూడా. దిగమంటే దిగేవాణ్ణి కాదు." ఒక చిప్ ముక్క వాన వైపు చూపించి, నోట్లో వేసుకున్నాడు. "ఇది చెబితే డెస్మండ్ నవ్వుతాడు."

"నవ్వడు," అన్నాను. నిజంగా నాకలాగే అనిపించింది.

ఇంటికొచ్చాక కాగితం రాయడానికి కూర్చున్నాను. మా క్లబ్బు మాటల్లో అయితే 'ఇంజను అసలుది కాదు' అని రాయాలి. వందల కాగితాల మీద అలాగే రాశాను. ఈసారి చెయ్యి ఆగింది. 'ఇంజను 1947లో మొదటి యజమాని మార్పించినది' అని రాశాను. చిన్న తేడాయే. కమిటీవాళ్ళు గమనించనుకూడా లేదు. నేను మాత్రం అప్పటినుంచి తెలిసినంతవరకూ ఎవరు, ఎప్పుడు మార్చారో రాస్తున్నాను, ఏది కాదో రాయడం మానేశాను. ఐవర్ ప్రీస్ ఆ ఇంజను ఎందుకు మార్చాడో మాత్రం ఎవరికీ తెలియదు. ఆల్విన్ దాని గురించి పెద్దగా ఆలోచించడం లేదని చెప్పాడు. నేను నమ్మలేదు.

మరుసటి వసంతంలో డోర్కస్ నాకు ఫోను చేసింది. ఎడమ చెయ్యి పూర్తిగా మొరాయించిందట. డాక్టరు బండి మానెయ్యమన్నాడట. "మీ మనిషికి చెప్పండి, ఇప్పుడు పట్టుకుపొమ్మని. షెడ్డులో పడుంటే తుప్పు పడుతుంది. నాకు అది చూసే ధైర్యం లేదు."

ఆల్విన్‌కి చెప్పాను. అతను వినీ వినగానే, "పట్టుకొచ్చి ఏం చేసుకుంటాను? ఆవిడ యాభై ఏళ్ళ చప్పుడు అది," అన్నాడు. తర్వాత ఏమనుకున్నాడో, ఆ శనివారం తన పెల్హామ్ మీద క్లిథెరో వెళ్ళాడు. రెండు వారాల తర్వాత మళ్ళీ వెళ్ళాడు. ఇంజను బిగుసుకుపోకుండా నడిపి వస్తున్నానన్నాడు నాతో, అడక్కముందే.

మే నెలలో నేను కూడా వెళ్ళాను, సంగతేమిటో చూద్దామని. పెండిల్ కొండ కింద రోడ్డు పక్క నిలబడి ఉండగా డోర్కస్ బండి వచ్చింది. ముందు ఆల్విన్, నిటారుగా, పరీక్ష రాస్తున్నవాడిలా. వెనక సీటు మీద డోర్కస్, పాత తోలు కోటు వేసుకుని, అతని నడుం పట్టుకుని. బండి చప్పుడుని మించి ఆవిడ గొంతు వినబడుతోంది.

"ఇప్పుడు! ఇప్పుడు దించు గేరు! అయ్యో, ఆలస్యం చేశావు. దాన్ని అలా ఏడిపిస్తావేమయ్యా? చెప్తే వినవు కదా!"

"వింటున్నాను!" అని అరిచాడు ఆల్విన్, నన్ను దాటిపోతూ. నన్ను చూశాడో లేదో కూడా తెలియదు.